స్పెషల్ అలవెన్సు ఎటు పోతుంది? వేతన నిర్వచనం వెనుక 2019 తీర్పు

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చిన దగ్గర్నుంచి ఉద్యోగులు అడుగుతున్నది ఒకటే: చేతికొచ్చే జీతం తగ్గుతుందా? యాజమాన్యాల బెంగ వేరు. అక్టోబర్-డిసెంబర్ త్రైమాసిక ఫలితాల్లో కొత్త కోడ్‌ల భారం కింద టీసీఎస్ 2,128 కోట్లు, ఇన్ఫోసిస్ 1,289 కోట్ల రూపాయలు ఒక్కసారిగా ఖర్చు రాసుకున్నాయి. అందులో సింహభాగం గ్రాట్యుటీదే, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు వేతనం, సర్వీసును బట్టి లెక్కగట్టి ఇచ్చే సొమ్ముదే. ఆ అంకెలు బయటికొచ్చాక చిన్న కంపెనీలు కూడా పే స్లిప్పులు తిరగేయడం మొదలుపెట్టాయి. ఆడిటర్లకు ఫోన్లు పెరిగాయి. ‘బేసిక్‌ను 50 శాతం చేసేస్తే సరిపోతుంది’ అన్న సలహా చేతులు మారుతోంది.

వేతనాల కోడ్‌లో ఆ మాట ఎక్కడా లేదు. 2(వై) సెక్షన్ చెప్పేది మరొకటి. ఉద్యోగికి డబ్బు రూపంలో ఇచ్చేదంతా వేతనమే అని మొదలుపెట్టి, కొన్నింటిని పేరుపేరునా మినహాయించింది: హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (రాకపోకల భత్యం), ఓవర్‌టైమ్, కమీషన్, చట్టబద్ధ బోనస్, యాజమాన్యం కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) వాటా, పని కోసం అయ్యే ప్రత్యేక ఖర్చులకిచ్చే సొమ్ము వగైరా. ఈ మినహాయింపులన్నీ కలిపి మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని మళ్లీ వేతనంలో కలపాలి. సగం అన్న గీత మినహాయింపులకు పైకప్పు. బేసిక్‌కు దానితో నేరుగా సంబంధం లేదు. ఇక, దాదాపు ప్రతి పే స్లిప్పులోనూ కనిపించే స్పెషల్ అలవెన్సు ఆ మినహాయింపుల జాబితాలోనే లేదు. తగవంతా ఇక్కడే ఉంది. ఇలాంటి అలవెన్సును వేతనంగా లెక్కించాలా వద్దా అన్న ఈ తగవు నవంబర్‌లో పుట్టింది కాదు.

1952 నాటి పీఎఫ్ చట్టంలో ‘బేసిక్ వేజెస్’ నిర్వచనం డీఏ (కరువు భత్యం), హెచ్‌ఆర్‌ఏ, ఓవర్‌టైమ్, బోనస్, కమీషన్లను పక్కనపెట్టి, చివర్లో ‘లేదా అలాంటి మరే ఇతర అలవెన్సు’ అని ఒక తోక తగిలించింది. ఆరో సెక్షన్ డీఏను తిరిగి లెక్కలోకి తెచ్చింది గానీ ఆ తోకను ముట్టుకోలేదు. బ్రిడ్జ్ అండ్ రూఫ్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు ఒక కొలబద్ద ఇచ్చింది: అన్ని సంస్థల్లో, ఉద్యోగులందరికీ అందేది బేసిక్‌లో భాగం, కొందరికే, కొన్ని చోట్లే దక్కేది కాదు. కొలబద్ద ఉన్నా తోకను పట్టుకుని జీతాన్ని ముక్కలు చేయడం ఆగలేదు. 12 వేల జీతంలో బేసిక్ 4 వేలు, మిగతాది కన్వేయన్స్, వాషింగ్, ఎడ్యుకేషన్, స్పెషల్ అలవెన్సులు. పీఎఫ్ మాత్రం ఆ 4 వేల మీదే. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టుల్లో, ప్రైవేటు బడుల్లో ఇది మామూలు వ్యవహారం. టెండర్లో తక్కువ రేటు కోట్ చేయాలంటే కోయడానికి వీలైన చోటు అదొక్కటే.

పీఎఫ్ సంస్థ దీన్ని ఆపాలని ఒకసారి గట్టిగానే ప్రయత్నించింది. అందరికీ ఒకే తీరున, క్రమం తప్పకుండా ఇచ్చే అలవెన్సులన్నీ బేసిక్ కిందికే వస్తాయంటూ 2012 నవంబర్ 30న సర్క్యులర్ ఇచ్చింది. అప్పటి కేంద్ర పీఎఫ్ కమిషనర్‌కు పదవిలో అదే ఆఖరి రోజు. పరిశ్రమ వర్గాలు గగ్గోలు పెట్టాయి. కొద్ది రోజులకే సర్క్యులర్ అటకెక్కింది. ‘నిబంధన స్పష్టంగా లేనప్పుడు మమ్మల్ని తప్పుపట్టడమేంటి’ అని యాజమాన్యాలు ఈనాటికీ ఎత్తిచూపేది ఈ ఆరేడేళ్ల సందిగ్ధాన్నే. ఆ వాదనలో కొంత నిజముంది. హైకోర్టులు కూడా తలో రకంగా తీర్పులిచ్చాయి.

సందిగ్ధానికి తెరపడింది 2019 ఫిబ్రవరి 28న. పశ్చిమ బెంగాల్‌కు చెందిన వివేకానంద విద్యామందిర్ అనే అన్‌ఎయిడెడ్ పాఠశాల కేసుతో పాటు సూర్య రోష్ని, యూఫ్లెక్స్, మాంటేజ్, సెయింట్-గోబెయిన్ కంపెనీల అప్పీళ్లన్నింటినీ జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ నవీన్ సిన్హాల ధర్మాసనం కలిపి విన్నది. బడి తన సిబ్బందికి స్పెషల్ అలవెన్సు ఇచ్చేది. ఫ్యాక్టరీల్లో ట్రావెల్, క్యాంటీన్, లంచ్ ఇన్సెంటివ్, అటెండెన్స్, వాషింగ్, మేనేజ్‌మెంట్ వంటి పేర్లుండేవి. కోర్టు పేర్లు చూడలేదు. అలవెన్సు పీఎఫ్ నుంచి తప్పించుకోవాలంటే మూడింటిలో ఒకటి యాజమాన్యమే రుజువు చేయాలంది: అది పనిని బట్టి మారేదై, ఎక్కువ ఉత్పత్తికి ముడిపడి ఉండాలి, లేదా ఆ తరగతి ఉద్యోగులందరికీ ఇచ్చేది కాకూడదు, లేదా అవకాశం వాడుకున్నవారికే దక్కేదై ఉండాలి. ఈ కేసుల్లో అలాంటి రుజువులేవీ లేవు. పీఎఫ్ తప్పించుకోవడానికే బేసిక్‌కు అలవెన్సు వేషం కట్టారన్న కింది అధికారుల నిర్ధారణను కోర్టు సమర్థించింది. సూర్య రోష్ని వేసిన రివ్యూ పిటిషన్ కూడా ఆ ఏడాదే వీగిపోయింది.

రుజువు భారం యాజమాన్యం మీద పడటమే అసలు మలుపు. అప్పటిదాకా అలవెన్సు ఎందుకిస్తున్నారో చూపించే కాగితం ఎవరూ దాచుకోలేదు. ఆఫర్ లెటర్లో ఒక వరుస, పే స్లిప్పులో ఒక గడి, అంతే. అటెండెన్స్ అలవెన్సు అని రాసి, సెలవు పెట్టినా పెట్టకపోయినా అందరికీ ఒకే మొత్తం ఇస్తే అది ఇన్సెంటివ్ ఎలా అవుతుంది? నైట్ షిఫ్ట్ అలవెన్సు పగటి డ్యూటీ వాళ్ల స్లిప్పులోనూ ఉంటే? పీఎఫ్ అధికారులకు పని సులువైంది. యాజమాన్యం నెలనెలా ఆన్‌లైన్‌లో వేసే పీఎఫ్ రిటర్ను ఈసీఆర్‌లో గ్రాస్ వేజెస్, ఈపీఎఫ్ వేజెస్ రెండు గడులూ పక్కపక్కనే ఉంటాయి. తేడా ఎక్కువగా కనిపిస్తే, పీఎఫ్ బకాయి తేల్చే 7ఏ విచారణకు అదే మొదటి ఆధారం. ఆ తర్వాత బ్యాలెన్స్ షీట్‌లోని జీతాల పద్దును ఈసీఆర్ మొత్తంతో సరిపోల్చుతారు. కాంట్రాక్టు కార్మికుల ఖర్చు వేరే పద్దులో దాగి ఉన్నా, కాంట్రాక్టర్ కట్టకపోతే చివరికి పని చేయించుకున్న ప్రధాన యజమానే కట్టాలి.

ఎంత పడుతుందో చూద్దాం. లెక్క కోసం 14 వేల జీతం అనుకోండి: బేసిక్ 6,000, హెచ్‌ఆర్‌ఏ 3,000, స్పెషల్ 4,000, కన్వేయన్స్ 1,000. పీఎఫ్ 6,000 మీదే కడుతున్నారు. 2019 తీర్పు ప్రకారం అందరికీ ఒకేలా ఇచ్చే స్పెషల్, కన్వేయన్స్ కూడా కలవాలి. అంటే 11,000 మీద. తేడా 5,000; రెండు వాటాలూ కలిపి 24 శాతం చొప్పున నెలకు 1,200. ఉద్యోగి వాటాను గడిచిన నెలల జీతంలోంచి ఇప్పుడు కోసుకునే వీల్లేదు కాబట్టి రెండూ యాజమాన్యం నెత్తినే. 40 మందికి 36 నెలలంటే 17.28 లక్షలు. దీనిపైన ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆలస్యానికి జరిమానాగా డ్యామేజీలు. 2024 జూన్ 14 నుంచి డ్యామేజీల రేటు నెలకు 1 శాతం. ఆ రేటుతో సగటున ఏడాదిన్నర ఆలస్యానికి వడ్డీ, డ్యామేజీలు కలిపి ఇంకో 6.2 లక్షలు. కాంట్రాక్టులో ఏజెన్సీకి మిగిలే సర్వీస్ చార్జీ ఈ దెబ్బకు తట్టుకోదు.

తీర్పు వచ్చిన ఐదారు నెలలకే, 2019 ఆగస్టు 8న, వేతనాల కోడ్‌కు రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమలుకు మాత్రం మరో ఆరేళ్లు పట్టింది. సర్దుకోవడానికి వ్యవధి లేదని ఇప్పుడు అంటున్నవాళ్లు ఈ ఆరేళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు. కోడ్ తీర్పుకు నకలు కూడా కాదు. పై 14 వేల జీతాన్నే కోడ్ కింద పెట్టండి. హెచ్‌ఆర్‌ఏ, కన్వేయన్స్ రెండూ మినహాయింపులే. కలిపి 4,000, సగం కన్నా తక్కువ. కాబట్టి వేతనం 10,000. తీర్పు కలిపిన కన్వేయన్స్‌ను కోడ్ వదిలేసింది. ఆ మేరకు ఉద్యోగికి నష్టమే. కార్మికులకు ఎంతో మేలు చేశామని ప్రకటనలిస్తున్నవారు ఈ ముక్క చెప్పడం లేదు.

కోడ్ గట్టిగా తాకేది ఐటీ, ఫార్మా వంటి ఎక్కువ జీతాల చోట్ల. పీఎఫ్ తప్పనిసరిగా కట్టాల్సిన వేతనానికి 15 వేల పరిమితి ఉండటంతో 2019 తీర్పు సెగ వాళ్లకు పెద్దగా తగల్లేదు. గ్రాట్యుటీకి ఆ పరిమితి లేదు. గరిష్ఠ మొత్తం 20 లక్షలు. ఇక్కడే కేంద్ర కార్మిక శాఖ 2025 డిసెంబర్‌లో ఇచ్చిన వివరణను జాగ్రత్తగా చదవాలి. 60 వేల జీతం, అందులో బేసిక్-డీఏ 20 వేలు, అలవెన్సులు 40 వేలు. సగానికి మించిన 10 వేలు కలిపితే వేతనం 30 వేలవుతుంది. పీఎఫ్ 15 వేల మీదే కడితే కోత ముందులాగే 1,800, చేతికొచ్చేది ముందులాగే 56,400. లెక్క సరైందే. కానీ ఆ 40 వేలూ మినహాయింపుల జాబితాలోవే అన్న ఊహ మీద అది నిలబడింది. అందులో 15 వేలు స్పెషల్ అలవెన్సు అయితే, అసలు మినహాయింపులు 25 వేలే. వేతనం 35 వేలు.

గ్రాట్యుటీలో ఈ తేడా ఎంత? సూత్రం తెలిసిందే: చివరి నెల వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. పదేళ్ల సర్వీసుకు 20 వేల మీద 1,15,385 రూపాయలు. 30 వేల మీద 1,73,077. 35 వేల మీద 2,01,923. చివరి వేతనం పెరిగితే మొత్తం సర్వీసుకూ పెరిగినట్టే. అందుకే పెద్ద కంపెనీలు గత సర్వీసు భారాన్ని ఒకే త్రైమాసికంలో చూపాల్సి వచ్చింది. పైగా నిర్ణీత కాలానికి తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఐదేళ్లు కాదు, ఏడాదికే గ్రాట్యుటీ.

ఉద్యోగుల ఆరోగ్య బీమా ఈఎస్‌ఐ వైపు ఎవరూ పెద్దగా చూడటం లేదు. పాత చట్టంలో హెచ్‌ఆర్‌ఏ కూడా వేతనమే. ఈఎస్‌ఐ వర్తించడానికి ఉన్న 21 వేల వేతన పరిమితిని దానితో కలిపే చూసేవారు. ఇప్పుడు అది మినహాయింపు. బేసిక్ 15,000, హెచ్‌ఆర్‌ఏ 7,500, కన్వేయన్స్ 5,500తో 28 వేలు తీసుకునే ఉద్యోగి నిన్నటిదాకా పరిధి బయట. కొత్త నిర్వచనంలో మినహాయింపులు 13 వేలు, సగానికి లోపే. వేతనం 15 వేలే కాబట్టి పరిధిలోకొస్తాడు. యాజమాన్యం 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కట్టాలి. గ్రూప్ ఇన్సూరెన్స్ ఇచ్చి ఊరుకున్న సంస్థలు ఈ లెక్క వేసుకున్నాయా?

చక్కదిద్దే పనిలో జరిగే పొరపాట్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే రకం. ఒకటి, ఎక్సెల్‌లో బేసిక్‌ను 50 శాతం చేసి, మిగతా సగంలో స్పెషల్ అలవెన్సును అలాగే ఉంచడం. ముందు ప్రతి అలవెన్సునూ 2(వై) జాబితాతో ఒక్కొక్కటిగా సరిచూసి, జాబితాలో చోటు దొరకనిదాన్ని నేరుగా వేతనంలో వేయాలి. ఆ తర్వాతే సగం లెక్క. గ్రాట్యుటీ, రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగం తొలగింపు) పరిహారం ఆ సగం లెక్కలోకి రావు. లింగ వివక్ష లేని సమాన వేతనం, వేతన చెల్లింపు విషయాల్లో మాత్రం కన్వేయన్స్, హెచ్‌ఆర్‌ఏ, ఓవర్‌టైమ్ కూడా వేతనంగానే చూడాలి. అంటే పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే ‘వేజెస్’ గడి చాలదు.

రెండోది, ఉద్యోగికి చెప్పకుండా స్లిప్పు మార్చేయడం. కార్మికుల నిర్వచనంలోకి వచ్చేవారి అలవెన్సులు, పీఎఫ్ వాటా మార్చాలంటే పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్ కింద 21 రోజుల నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో ఇలాంటిదే అయిన 9ఏ నోటీసు అంటే తెలియని హెచ్‌ఆర్ ఉండరు. కొత్తదానిలో అది పోయిందనుకోవడమే చిక్కు. పెరిగిన పీఎఫ్ వాటాను సీటీసీలో (ఉద్యోగిపై కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో) సర్ది జీతం తగ్గించడం ఇంకా ప్రమాదం. పీఎఫ్ బాధ్యత కారణంగా వేతనం తగ్గించకూడదని 1952 చట్టం 12వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది.

మూడోది గడువు. రాజీనామా చేసినా, తీసేసినా వేతన బకాయిలు రెండు పని దినాల్లో ముట్టాలి. నెలాఖరు పేరోల్‌తో కలిపి 45 రోజులకు ఫైనల్ సెటిల్‌మెంట్ చేసే అలవాటు ఇక కుదరదు. ఇందుకు నో-డ్యూస్ సంతకాలు, ల్యాప్‌టాప్ అప్పగింత ఆఖరి రోజుకు ముందే పూర్తి కావాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజులు ఉంది.

యాజమాన్యాలకు దొరికిన ఊరట ఒకటుంది. పాత పీఎఫ్ చట్టంలో విచారణకు కాలపరిమితి లేదు. పదిహేనేళ్ల కిందటి పద్దులు కూడా అడిగేవారు. సామాజిక భద్రత కోడ్ 125వ సెక్షన్ అయిదేళ్లు దాటిన వ్యవహారంపై విచారణ మొదలుపెట్టకూడదంటోంది. మొదలుపెట్టినది రెండేళ్లలో ముగించాలి, మహా అయితే ఇంకో ఏడాది.

మిగిలింది పీఎఫ్ పరిమితి. 2001లో 6,500, 2014 సెప్టెంబర్ 1 నుంచి 15,000, తర్వాత కదల్లేదు. సవరణపై నాలుగు నెలల్లో నిర్ణయం తీసుకోమని 2026 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. 15 వేల దగ్గర ఆగినంతకాలం, ఇప్పటికే 15 వేల మీద పీఎఫ్ కడుతున్న 25 వేలు, 30 వేల జీతగాళ్లకు స్పెషల్ అలవెన్సు తగవు పీఎఫ్‌లో తేలాల్సిన అవసరం రాదు. ఎటు లెక్కేసినా కోత 1,800 దగ్గరే ఆగుతుంది. పరిమితి పెరిగిన నెల నుంచి వాళ్ల పే స్లిప్పులోని ప్రతి అలవెన్సూ 2019 నాటి ప్రశ్నకు జవాబు చెప్పాల్సి ఉంటుంది. ‘చేతికొచ్చే జీతం తగ్గదు’ అన్న డిసెంబర్ హామీ ఆ 15 వేల అంకెను నమ్ముకునే ఇచ్చింది.