హ్యారీ డేనియల్స్ పట్టుబట్టి రాయించిన ఒక్క మాట

కెనడాలో ‘మేటీ అంటే ఎవరు’ అన్న తగాదా మళ్లీ రాజుకుంది. ఆదివాసులకూ ఐరోపా నుంచి వచ్చినవాళ్లకూ పుట్టిన సంతతిలోంచి వచ్చినవాళ్లే మేటీలు. రాష్ట్రాల మేటీ సంఘాలన్నిటికీ గొడుగైన మేటీ జాతీయ మండలి నుంచి 2021లో మానిటోబా సమాఖ్య, 2024లో సస్కాచవాన్, బ్రిటిష్ కొలంబియా సంఘాలు బయటికొచ్చేశాయి. అల్బర్టా, ఒంటారియో, సస్కాచవాన్ మేటీ ప్రభుత్వాలను గుర్తించడానికి 2023లో పెట్టిన సీ-53 బిల్లు 2025 జనవరిలో పార్లమెంటు సమావేశాలను ముగించేయడంతో మురిగిపోయింది. 19వ శతాబ్దపు మేటీ నాయకుడు లూయీ రియెల్ తిరుగుబాట్లు, ఉరి ఎప్పుడూ చెప్పుకునేవే. ఇప్పటి పేచీకి మూలం మాత్రం 1981 జనవరి 30.

అప్పుడు కెనడా తన రాజ్యాంగాన్ని బ్రిటన్ చేతుల్లోంచి తెచ్చుకునే పనిలో ఉంది. నేటివ్ కౌన్సిల్ ఆఫ్ కెనడా అధ్యక్షుడు హ్యారీ డేనియల్స్. సస్కాచవాన్‌లోని రెజైనా బీచ్‌లో 1940లో పుట్టిన మేటీ. ఆయన సంఘంలో మేటీలతో పాటు, ఇండియన్ చట్టం కింద నమోదుకాని ఆదివాసులూ ఉండేవారు. (అక్కడి చట్టం ఆదివాసులను ఇప్పటికీ ‘ఇండియన్లు’ అనే అంటుంది.) ఆదివాసీ ప్రజలంటే ఇండియన్లు, ఇన్యూట్‌లు, మేటీలు అని రాజ్యాంగంలో పేరు పెట్టి రాయాల్సిందేనని డేనియల్స్ పట్టుబట్టారు. న్యాయ మంత్రి జాన్ క్రెటియెన్ ఒప్పుకున్నారు. నవంబరులో రాష్ట్రాల ఒప్పందంలో ఆదివాసీ హక్కుల సెక్షనే ఎగిరిపోయింది. ఆందోళనల తర్వాత తిరిగొచ్చింది గానీ, హక్కుల ముందు ‘ఇప్పటికే ఉన్న’ అన్న మాట తగిలించుకుని వచ్చింది. అదే 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్.

పేరైతే ఎక్కింది, నిర్వచనం ఎక్కలేదు. అది తర్వాతి సమావేశాల్లో తేలుతుందనుకున్నారు. మొదటి సమావేశానికి ముందే, 1983 మార్చిలో, అక్కడ కుర్చీలెవరివన్న గొడవతో ప్రెయిరీ (మానిటోబా, సస్కాచవాన్, అల్బర్టా మైదాన రాష్ట్రాల) నాయకులు కౌన్సిల్‌ను వీడి మేటీ జాతీయ మండలి పెట్టుకున్నారు. 1987 దాకా నాలుగు సమావేశాలు జరిగినా ఏమీ తేలలేదు.

ప్రెయిరీ వాళ్ల వాదన సూటిగా ఉంటుంది: నేటి మానిటోబాలోని రెడ్ రివర్ లోయలో మూలాలున్న జాతే మేటీ, మిశ్రమ రక్తం ఒక్కటే చాలదు. వాళ్లకు పత్రాలూ దొరుకుతాయి. జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి, తల్లిదండ్రుల పేర్ల మీదుగా తరం వెనక తరం 19వ శతాబ్దపు స్క్రిప్ అర్జీ దాకా వెళ్లాలి. స్క్రిప్ అంటే 160 లేదా 240 ఎకరాలకో, అన్నే డాలర్లకో ప్రభుత్వమిచ్చిన చీటీ. దాని అఫిడవిట్‌లో పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, పిల్లల పేర్లు ఉంటాయి. ఫ్రెంచి పేర్లను గుమాస్తాలు తోచినట్టు రాయడం వల్ల ఒకే కుటుంబం నాలుగు స్పెల్లింగుల్లో కనబడటం మామూలే.

ఒంటారియోలో చాలా కుటుంబాలకు స్క్రిప్ లేదు. చర్చి రిజిస్టర్లు, బొచ్చు వ్యాపార కంపెనీల పద్దులే దిక్కు. అవి ఒక మనిషి పుట్టుకను చెబుతాయి, ఒక సమాజం ఉండేదని రుజువు చేయవు. మేటీల వేట హక్కుపై సుప్రీంకోర్టు 2003లో ఇచ్చిన పౌలీ తీర్పు ప్రకారం హక్కులకు సొంత గుర్తింపు, చారిత్రక సమాజంతో వంశ సంబంధం, నేటి సమాజపు అంగీకారం మూడూ కావాలి. 2017లో ఒంటారియో ప్రభుత్వం, అక్కడి మేటీ సంఘం కలిసి ఆరు చారిత్రక సమాజాలను గుర్తించాక, ‘ఆ పూర్వీకులు మావాళ్లు’ అని ఫస్ట్ నేషన్లు (చట్టం ‘ఇండియన్లు’ అనే ఆదివాసీ జాతులు) తిరగబడ్డాయి.

డేనియల్స్ దారి వేరు. మేటీల బాధ్యత మాది కాదంటే మాది కాదని కేంద్రం, రాష్ట్రాలు నెట్టుకోవడం ఆగాలన్నది ఆయన లెక్క. ఇన్యూట్‌ల విషయంలో ఆ పేచీని 1939లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మేటీలు, నమోదుకాని వాళ్లు కూడా 1867 రాజ్యాంగ చట్టంలో ‘ఇండియన్ల’ను కేంద్రానికి అప్పగించే 91(24) సెక్షన్ కింద కేంద్రం పరిధిలోకే వస్తారని 1999లో దావా వేశారు. 2004లో ఆయన పోయాక కొడుకు పేరు చేరింది. 2016 ఏప్రిల్ 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఔనంది. అయితే 91(24)కు పౌలీ మూడో షరతు, అంటే సమాజపు అంగీకారం, అక్కర్లేదని కూడా అంది. ఎవరు మేటీ అన్నది ఏ కేసుకా కేసు చూసుకోవాలంది. ఇప్పటి రచ్చలో అందరూ తమకు కావలసినంత మేర ఉటంకిస్తున్నది ఈ పేరాలనే.

దావా నడిపింది డేనియల్స్ సంఘం, పేరు మారి కాంగ్రెస్ ఆఫ్ అబోరిజినల్ పీపుల్స్ అయింది. 2016 డిసెంబరులో కేంద్రం ప్రకటించిన శాశ్వత చర్చల బల్ల దగ్గర మేటీల కుర్చీ మాత్రం మేటీ జాతీయ మండలికి దక్కింది.