మందును పట్టి ఉంచలేని పోగు

గాయం మీద పరిచిన పలుచని పొర తనలోని మందును వారం రోజుల పాటు కొద్దికొద్దిగా వదలాలి. ఎలక్ట్రోస్పిన్నింగ్ పద్ధతిలో, అంటే విద్యుత్తుతో తీసిన నానోఫైబర్ల (వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నని పోగుల) మీద ఇరవై ఏళ్లకు పైగా పెట్టుకున్న ఆశ ఇది. ప్రయోగశాలలో తరచుగా కనిపించేది మాత్రం వేరు. పొర తడిసిన కొన్ని గంటల్లోనే మందులో పెద్ద భాగం బయటికి వచ్చేస్తుంది. పరిశోధకులు దీన్ని బర్స్ట్ రిలీజ్ అంటారు. మనం తొలి పొంగు అనుకోవచ్చు. ఇది తయారీలో దొర్లిన పొరపాటు కాదు, ఆ పోగు స్వభావమే అని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఆ పోగు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

రుద్దిన తృణమణికి (ఆంబర్‌కు) గడ్డిపోచలు వచ్చి అంటుకుంటాయి. దాని పేరులోనే ఆ సంగతి ఉంది. 1600లో ఇంగ్లండ్‌లో విలియం గిల్బర్ట్ అయస్కాంతాల మీద రాసిన గ్రంథంలో మరో విషయం చెప్పాడు. రుద్దిన తృణమణిని నీటిబొట్టు దగ్గరికి తెస్తే, ఆ బొట్టు శంకువు ఆకారంలో పైకి సాగుతుంది. ఆ తర్వాత దాదాపు మూడు శతాబ్దాలకు, 1887లో, సి.వి. బాయ్స్ కరిగించిన లక్క, మైనం వంటి జిగట పదార్థాలను విద్యుత్ యంత్రానికి కలిపిన చిన్న పళ్లెంలో ఉంచి, వాటి అంచు నుంచి సన్నని పోగులు లాగాడు. నీటిబొట్టయితే చిట్లి తుంపరగా మారుతుంది. జిగట ఉన్న ద్రవం తెగకుండా పోగుగా సాగుతుంది. ఈ విద్యకు మూలం ఆ తేడాయే.

1902లో అమెరికాలో కూలీ, మోర్టన్ అనే ఇద్దరికి ఈ పద్ధతి మీద వేర్వేరు పేటెంట్లు దక్కాయి. దాన్ని పరిశ్రమగా మార్చాలని పట్టుపట్టినవాడు అంటోన్ ఫార్మ్‌హాల్స్. కృత్రిమ నూలు తీయాలన్నది అతని లక్ష్యం. సెల్యులోజ్ అసిటేట్‌ను ద్రావణిలో, అంటే పదార్థాన్ని కరిగించే ద్రవంలో, కరిగించి పోగులు తీసే యంత్రానికి 1934లో పేటెంటు పొందాడు. అందులో ఒక చిక్కు వచ్చింది. ద్రావణం వెలువడే చోటికీ పోగులు చేరే చోటికీ మధ్య దూరం చాలక ద్రావణి పూర్తిగా ఆరలేదు. పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తర్వాతి పేటెంటులో అతను ఆ దూరం పెంచాడు. ఈ ఆరని ద్రావణి సంగతి గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

నూలు పరిశ్రమలో ఈ పద్ధతి నిలదొక్కుకోలేదు. నిజంగా పనికొచ్చింది సోవియట్ యూనియన్‌లో. 1938లో రోజెన్‌బ్లూమ్, పెట్రియానోవ్-సోకొలోవ్ అనే శాస్త్రవేత్తలు ఈ పోగుల పొరలతో పొగను వడకట్టవచ్చని చూపారు. మరుసటి ఏడాదికల్లా ట్వెర్‌లో గ్యాస్ మాస్కుల వడపోత పొరలు తయారయ్యాయి. పోగు ఎంత సన్నగా ఉంటే దాని ఉపరితలం అంత విశాలం, అంత ఎక్కువ ధూళి అంటుకుంటుంది. అంటే ఈ పోగుకు మొదటిసారి విలువ తెచ్చిన గుణం దాని ఉపరితలం.

తర్వాత సిద్ధాంతం వచ్చింది. 1964లో జి.ఐ. టేలర్, గిల్బర్ట్ చెప్పిన ఆ శంకువును గణితంలో బంధించాడు. దాని అక్షానికీ వాలుకూ మధ్య కోణం 49.3 డిగ్రీలని తేల్చాడు. 1990 దశకంలో అక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం ఈ పద్ధతికి కొత్త ప్రాణం పోసింది. ఎలక్ట్రోస్పిన్నింగ్ అనే పేరు వాడుకలో స్థిరపడింది అప్పుడే. ద్రావణం వెలువడే సూది కొన నుంచి దూకిన ధార కొంత దూరం తిన్నగా వెళ్లి, తనలోని ఆవేశాల వికర్షణకు కొరడాలా మెలికలు తిరుగుతూ వేల రెట్లు సాగుతుందని 2000 ప్రాంతంలో స్పష్టమైంది.

మందును నెమ్మదిగా వదిలించే శాస్త్రం వేరే ఇంట పుట్టింది. 1964లో జూడా ఫోక్‌మన్, డేవిడ్ లాంగ్ సిలికోన్ రబ్బరు గొట్టం గోడల గుండా మందులు మెల్లగా ఊరి బయటికి వస్తాయని చూపారు. 1974లో గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) రోగుల కంటిరెప్ప కింద ఉంచే ఆక్యుసర్ట్ వచ్చింది. దాని పాలిమర్ (ప్లాస్టిక్ వంటి పొడవాటి అణువుల పదార్థం) పొరలు పైలోకార్పిన్ అనే మందును వారం పాటు నిలకడగా వదిలేవి. ఇక్కడ గోడ మందమే కాలాన్ని నిర్ణయించేది.

ఈ రెండు శాస్త్రాలూ 2002లో కలిశాయి. కెనావీ, బౌలిన్ తదితరులు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన పోగులు తీసి, మందు రోజుల తరబడి విడుదల కావడాన్ని నమోదు చేశారు. వారు వాడిన పాలిమర్లలో ఒకటి ఇథిలిన్ వినైల్ అసిటేట్, ఆక్యుసర్ట్ గోడలకు వాడినదే. ఆ తర్వాత వందలాది పత్రాలు వెలువడ్డాయి, వాటితోపాటే తొలి పొంగు కూడా బయటపడింది.

చిన్న లెక్క వేద్దాం. నీటితో సమానమైన సాంద్రత ఉందనుకుంటే, 100 నానోమీటర్ల వ్యాసమున్న పోగు ఒక గ్రాముకు ఉపరితలం 40 చదరపు మీటర్లు. 80 మైక్రోమీటర్ల తలవెంట్రుక మందమైతే 500 చదరపు సెంటీమీటర్లే. పైగా వ్యాపనానికి, అంటే మందు అణువులు పోగులోంచి ఊరి బయటపడడానికి, పట్టే సమయం మందపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మందం పదో వంతుకు తగ్గితే సమయం వందో వంతుకు పడిపోతుంది. ధూళిని పట్టడానికి వరమైన గుణం మందును పట్టి ఉంచడానికి అడ్డు అయింది. ద్రావణి ఆరే క్షణాల్లోనే, ఆవేశం ఉన్న మందు అణువులు పోగు పైపొరకు చేరుకోవడం దీనికి తోడు.

2003లో ఒక సూదిలో మరో సూది పెట్టి, లోపలి పదార్థం చుట్టూ పాలిమర్ తొడుగు వేసే పోగులు తీశారు. ఆ లోపల మందును ఉంచడం ఈ పొంగుకు ఒక విరుగుడు. ఉపాయం మంచిదే, పొంగు తగ్గుతుంది. కానీ ఆ తొడుగు మందమూ నానోమీటర్లలోనే. రెండు ద్రవాల ప్రవాహం కాస్త తప్పినా తొడుగు ఒకచోట పలుచబడుతుంది.

నాకు అంతకన్నా తెలివైనదిగా తోచిన దారి అదే ఏడాది వచ్చింది. వెరెక్ బృందం, నీటిలో అతి కష్టంగా కరిగే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందును సెల్యులోజ్ ఉత్పన్నంతో కలిపి పోగులు తీసింది. మందు స్ఫటికంగా మారకముందే ద్రావణి ఆవిరైపోయి, అణువులు వరుసగా పేరుకోని, తేలిగ్గా కరిగే అస్ఫటిక రూపంలోనే నిలిచిపోయింది. అలా కరగని మందు కరగడం మొదలుపెట్టింది. నోటిలో వచ్చే లైకెన్ ప్లానస్ పుండ్లకు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ మందు నింపిన పోగుల పట్టీ కూడా ఈ కోవదే. పుండును అంటిపెట్టుకుని, మందును అక్కడికక్కడే అందించడం దాని పని. దాని రెండో దశ పరీక్షల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. నెలల తరబడి మందును బంధించమని పోగును వేధించకుండా, దాని వేగాన్నీ అంటుకునే గుణాన్నీ వాడుకున్నారు.

ఇక తయారీ. ఒక సూది గంటకు తీసే పోగు సాధారణంగా గ్రాములో కొంత భాగమే. చెక్ దేశంలోని లిబెరెట్స్‌లో యిర్సాక్ బృందం సూదులు తీసేసి, ద్రావణంలో తిరిగే స్థూపం మీది నుంచే వేల ధారలు లేపే యంత్రం చేసింది. అది మొదట బాగా అక్కరకొచ్చింది కూడా వడపోత పొరలకే. మాస్కులో కొద్దిపాటి ద్రావణి మిగిలితే ఎవరూ కొలిచేవారు కాదు. మందుకు అలా కుదరదు. మందుల నాణ్యతకు దేశాలు కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం, ఇలాంటి ద్రావణులైన క్లోరోఫాం పది లక్షల్లో 60 వంతులు, డైక్లోరోమీథేన్ 600 వంతులు మించకూడదు. ఫార్మ్‌హాల్స్ యంత్రంలో పోగులను అతికించిన ఆరని ద్రావణినే ఇప్పుడు ఈ అంకెల లోపలికి దించాలి. పోగులు తీసిన తర్వాత పొరను గంటల తరబడి శూన్యంలో ఆరబెడుతున్నది ఇందుకే. నీటిలో కరిగే పాలిమర్ల వైపు పరిశోధన మళ్లడానికీ ఇదొక కారణం. అయితే అలాంటి పోగు తడి తగలగానే కరుగుతుంది, మందు వెంటనే బయటికి వస్తుంది.