పట్టణం హద్దు ఎక్కడ? బిల్టప్ ఏరియా (కట్టడాలున్న నేల) మ్యాపింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: శాటిలైట్ చిత్రంలో ఊరి అంచు కనిపిస్తూనే ఉంటుంది, దాని వెంబడి గీత గీస్తే చాలు.

వాస్తవం: నడిబొడ్డున ఎవరు గీసినా ఒకటే. పేచీ అంతా శివార్లలోనే. రోడ్లు పడ్డాయి, ప్లాట్లు వేశారు, అక్కడక్కడా నాలుగు ఇళ్లు లేచాయి, మిగతాదంతా ఖాళీ. ఇది పట్టణమా కాదా? ఆ సంగతి తేల్చేది చిత్రం కాదు, మనం పెట్టుకున్న నిబంధన. ఫ్రాన్స్ గణాంక సంస్థ లెక్కలో భవనాల మధ్య 200 మీటర్లకు మించి ఎడం ఉండకూడదు, కనీసం 2,000 మంది ఉండాలి. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ ఆమోదించిన పద్ధతి వేరు. నేలను చదరపు కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, జనసాంద్రతను బట్టి పట్టణాన్ని గుర్తిస్తారు. ఒకే ఊరికి రెండు హద్దులు వస్తాయి, రెండూ సబబే. అందుకే ఎవరు మ్యాప్ చూపించినా నేను ముందు అడిగేది ఎడం ఎంత పెట్టారని. 200 మీటర్లను 500 చేస్తే పక్క ఊరు కూడా కలిసిపోతుంది. ఒక్క ఇటుక పడకుండానే పట్టణం పెరిగిపోతుంది!

అపోహ: కొత్త మ్యాప్‌లోంచి పాత మ్యాప్‌ని తీసేస్తే విస్తరణ ఎంతో తేలిపోతుంది.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు. 1990 నాటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక పిక్సెల్ అంటే 30 మీటర్ల చదరం. ఇప్పటి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో అదే చోట తొమ్మిది పిక్సెళ్లు పడతాయి. చెట్ల మధ్య విడివిడిగా ఉన్న ఇళ్లు పాత చిత్రంలో పచ్చదనంలో కలిసిపోయి, కొత్తదాంట్లో బయటపడతాయి. అది ఎదుగుదల కాదు, చూపు మెరుగుపడడం. రెండు మ్యాపులూ ఒకే రిజల్యూషన్‌కి (పిక్సెల్ సైజుకి), ఒకే నిబంధనకి తెచ్చాకే పోల్చాలి.

ఎండిన దుక్కి నేల మరో చిక్కు. స్పెక్ట్రల్ సూచికల్లో (నేల వెనక్కి పంపే కాంతిని బట్టి కట్టే లెక్కల్లో) అది కాంక్రీటులాగే కనిపించి మోసం చేస్తుంది. ఒకే తేదీ చిత్రాన్ని నమ్ముకోకుండా ఏడాది పొడవునా చూడండి. పొలం ఏదో ఒక నెలలో పచ్చబడుతుంది, ఇంటి కప్పు పచ్చబడదు.

అపోహ: 96 శాతం కచ్చితత్వం అంటే మంచి మ్యాపే.

వాస్తవం: నూరు చదరపు కిలోమీటర్లలో కట్టడాలున్నవి నాలుగే అనుకోండి. మొత్తం ఖాళీ అని రాసేసినా 96 శాతం వస్తుంది! బిల్టప్ తరగతికి విడిగా ఎంత కచ్చితత్వం వచ్చిందో అడగండి. శివార్ల లెక్క వేరే చూపిస్తే ఇంకా మంచిది.

అపోహ: మున్సిపల్ హద్దే పట్టణం హద్దు.

వాస్తవం: అది పాలన కోసం గీసిన గీత. కట్టడాలు దాన్ని దాటిపోవచ్చు, దాని లోపల పొలాలూ ఉండొచ్చు.

అపోహ: విస్తీర్ణం పెరిగిందంటే అడ్డూ అదుపూ లేని విస్తరణే.

వాస్తవం: జనాభా కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి సూచిక 11.3.1 చేసేది అదే: నేల వాడకం పెరిగే రేటును జనాభా పెరిగే రేటుతో భాగిస్తుంది. నేల ఏటా 4 శాతం, జనం 2 శాతం పెరిగితే విలువ 2, అంటే ఊరు పలచబడుతోంది. అయితే జనాభా తగ్గుతున్న చోట ఈ విలువ మైనస్‌లోకి పోతుంది, జనాభా కదలకుండా ఉంటే లెక్కే కుదరదు. అలాంటి చోట తలసరి కట్టడ విస్తీర్ణం ఏటేటా ఎలా మారుతోందో చూస్తాం.