బ్రెజిల్ జికా పరిహారం: తల కొలత దగ్గర మొదలైన పేచీ

గర్భంలో ఉండగానే, దోమల ద్వారా వ్యాపించే జికా వైరస్ సోకి మెదడు దెబ్బతిన్న పిల్లలకు 50 వేల రెయాల్‌ల (బ్రెజిల్ కరెన్సీ) పరిహారంతో పాటు జీవితాంతం నెలనెలా పింఛను ఇవ్వాలన్న బిల్లును బ్రెజిల్ అధ్యక్షుడు లూలా 2025 జనవరిలో వీటో చేశారు. జూన్‌లో పార్లమెంటు ఆ వీటోను తోసిపుచ్చడంతో జులైలో అది చట్టమైంది. ఖజానాపై పడే భారానికి బిల్లులో లెక్క చూపలేదన్నది ప్రభుత్వ వాదన. బదులుగా ఒకేసారి 60 వేల రెయాల్‌లు ఇస్తామంది. తల్లుల సంఘాలు దీన్ని డబ్బు పేచీగా మాత్రమే చూడలేదు. ఎవరిని బాధితులుగా గుర్తించాలన్న ప్రశ్న పదేళ్లుగా వారిని వెంటాడుతోంది. దాని మూలాలు 2015 చివరి నెలల్లో, అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టూ నర్సులు పట్టిన టేపు దగ్గర ఉన్నాయి.

దోమ ఎక్కడి నుంచి వచ్చింది, వైరస్ ఏ దేశాలు దాటి వచ్చింది అన్నవి అందరూ ఎరిగిన సంగతులే. మలుపు వచ్చింది ఈశాన్య బ్రెజిల్ నగరమైన రెసీఫి ఆసుపత్రుల్లో. పిల్లల నరాల వైద్యురాలు వనెస్సా వాన్ డెర్ లిండెన్ వద్దకు ఆ ఏడాది ఆగస్టు నుంచి చిన్న తలలతో పుట్టిన పిల్లలు వరుసగా రాసాగారు. అదే వైద్యంలో ఉన్న ఆమె తల్లికి కూడా మరో ఆసుపత్రిలో అలాంటి పిల్లలే కనిపించారు. కడుపులోని బిడ్డకు సోకే సైటోమెగలో వైరస్ వల్ల అయితే మెదడులో సున్నపు మచ్చలు సాధారణంగా లోపలి ద్రవపు గదుల అంచున ఏర్పడతాయి. ఈ పిల్లల సీటీ స్కాన్లలో మాత్రం అవి ఎక్కువగా మెదడు పైపొర దాని కింది భాగాన్ని కలిసే చోట వరుసగా కనిపించాయి. కపాలం కుదించుకుపోగా మిగిలిన చర్మం కొందరి తలపై ముడతలు పడింది. తెలిసిన ఇన్ఫెక్షన్ల పరీక్షల్లో ఏమీ తేలలేదు. గర్భం తొలి నెలల్లో ఒంటిపై దద్దుర్లు, దురద వచ్చి తగ్గిపోయాయని మాత్రం పలువురు తల్లులు చెప్పారు. నవంబరులో అదే ఈశాన్య ప్రాంతంలోని కాంపినా గ్రాండీలో గర్భస్థ శిశు వైద్య నిపుణురాలు అడ్రియానా మేలో ఇద్దరు గర్భిణుల ఉమ్మనీటిని సేకరించి పంపగా, రియో డి జనీరోలోని ఓస్వాల్డో క్రూజ్ సంస్థ అందులో జికా ఆనవాళ్లు కనుగొంది.

అప్పటికే ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించిన ప్రభుత్వం కేసులు లెక్కించడానికి ఎంచుకున్న సాధనం టేపు. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 33 సెంటీమీటర్లు లేదా అంతకన్నా తక్కువైతే అనుమానిత కేసుగా నమోదు చేయమన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా వేలల్లో ఈ లెక్కలోకి వస్తున్నారని డిసెంబరులో దాన్ని 32కు తగ్గించారు. 2016 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం మేరకు మగపిల్లలకు 31.9, ఆడపిల్లలకు 31.5గా మార్చారు. గణాంకపరంగా ఈ సవరణల్లో తప్పు పట్టవలసింది లేదు. కానీ వాటితో పాటే ఈ విపత్తు అంటే చిన్న తల, చిన్న తల అంటే ఈ విపత్తు అన్న భావన ప్రభుత్వ కాగితాల్లో పాతుకుపోయింది.

వైరస్ పనితీరు అంత సూటిగా ఉండదు. మెదడు కణాలుగా మారవలసిన మూలకణాల్లోకి జికా చొరబడి వాటిని చంపుతుందనీ, వాటి విభజనను అడ్డుకుంటుందనీ 2016 మార్చిలో ప్రచురితమైన ప్రయోగశాల పరిశోధన చూపింది. తొలి మూడు నెలల్లో సోకితే నష్టం సాధారణంగా తీవ్రంగా ఉంటుంది. ఆ తర్వాత సోకినా ముప్పు తొలగినట్టు కాదు. పుట్టినప్పుడు తల మామూలుగానే ఉన్న 13 మంది బాధిత శిశువులను వాన్ డెర్ లిండెన్ బృందం 2016 నవంబరులో వర్ణించింది. మెదడు ఎదగకపోవడంతో వారిలో 11 మందికి తర్వాతి నెలల్లో తల చిన్నదిగా తేలింది. అదే ఏడాది 1,501 కేసులను పరిశీలించిన మరో అధ్యయనం, కచ్చితమైన లేదా బలమైన అనుమానమున్న కేసుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి తల కొలత సాధారణ పరిధిలోనే ఉందని తేల్చింది.

టేపు వదిలేసిన బిడ్డకు రక్తపరీక్ష సాక్ష్యంగా నిలిచేదా అంటే, అదీ కష్టమే. తల్లి రక్తంలో వైరస్ సాధారణంగా కొద్ది రోజులే దొరుకుతుంది. యాంటీబాడీ పరీక్షేమో డెంగీని, జికాను తరచూ ఒకటిగా చూపిస్తుంది. పైగా జికా సోకిన వారిలో ఎక్కువమందికి లక్షణాలే ఉండవు.

మధ్యలో దోమ లార్వాను చంపే పైరిప్రాక్సిఫెన్ మందే చిన్న తలలకు అసలు కారణమని అర్జెంటీనా వైద్యుల బృందమొకటి వాదించడం, బ్రెజిల్‌లోని రియో గ్రాండీ దో సూల్ రాష్ట్రం దాని వాడకాన్ని ఆపేయడం జరిగాయి. ఆ మందు వాడని రెసీఫిలోనూ కేసులు ఉండటంతో ఆ వాదన నిలవలేదు. అయినా ఆ ప్రచారం ఇప్పటికీ అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంది.

టేపు తెచ్చిన చిక్కు చట్టాల్లోనూ కనిపిస్తుంది. 2019 సెప్టెంబరులో ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వు ద్వారా నెలకు ఒక కనీస వేతనం చొప్పున పింఛను ప్రకటించినప్పుడు, అది జికా వల్ల తల చిన్నదైన పిల్లలకు మాత్రమే వర్తించింది. 2020 ఏప్రిల్‌లో పార్లమెంటు దాన్ని చట్టం చేస్తూ జికా సిండ్రోమ్ (గర్భంలో జికా సోకడం వల్ల వచ్చే లోపాల సముదాయం) ఉండి, 2015-2019 మధ్య పుట్టి, పేద వికలాంగులకిచ్చే ప్రభుత్వ సాయం పొందుతున్న పిల్లలకు విస్తరించింది. అయితే పింఛను కావాలంటే ప్రభుత్వంపై వేసిన దావాను వదులుకోవాలన్న షరతు ఉండిపోయింది. దోమల నిర్మూలనలో, నీటి సరఫరాలో రాజ్యం విఫలమైంది కాబట్టి ఇది జాలితో ఇచ్చే సాయం కాదని, తమకు రావలసిన పరిహారమని తల్లులు వాదిస్తూ వచ్చారు. నల్లా రాని రోజుల కోసం డ్రమ్ముల్లో నీళ్లు పట్టుకోక తప్పని ఇళ్లలో ఏడిస్ దోమ ఎలా పెరుగుతుందో డెంగీ ఎరిగిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. పార్లమెంటు సభ్యురాలు మారా గాబ్రిల్లి 2015లోనే ప్రవేశపెట్టిన బిల్లు ఈ వాదన వైపే నిలిచినా, చట్టం కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

2025 చట్టం తల కొలతను ప్రమాణంగా పెట్టలేదు. గర్భంలో సోకిన జికా వల్ల శాశ్వత వైకల్యం వచ్చిందని బిడ్డను చూస్తున్న వైద్యుల బోర్డు నివేదిక ఇస్తే చాలంటోంది. 2015లో 33 సెంటీమీటర్లకు పైగా తలతో పుట్టి, ఏ జాబితాలోనూ చేరకుండా ఇంటికి వెళ్లిపోయిన పిల్లల్లో జికా బాధితులు ఎవరన్నది ఇకపై స్కాన్లు, కంటి పరీక్షలు చూసి ఆ బోర్డులే తేల్చాలి.