ఫోమ్ అంటిస్తే చప్పుడు ఆగదు: సౌండ్, వైబ్రేషన్ మీద అపోహలు - వాస్తవాలు

ఇంజనీరింగ్ కాలేజీలో నాయిస్, వైబ్రేషన్ చెప్తాను కాబట్టి, హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్లో మోటార్ మోగినా, ఫంక్షన్ హాల్లో మైకు అర్థం కాకపోయినా ఫోన్ నాకే వస్తుంది. అందరూ అడిగేది "సార్, ఏం కొనాలి?" అని. నేను ముందు అడిగేది ఫ్రీక్వెన్సీ ఎంత అని, అంటే ఆ శబ్దం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోంది (దాన్నే హెర్ట్జ్‌లో చెప్తాం) అని.

అపోహ: గోడకు ఫోమ్ అంటిస్తే పక్కింటి చప్పుడు రాదు.

వస్తుంది. ఫోమ్ పని వేరు, మీ గదిలో పుట్టిన శబ్దం గోడకు తగిలి వెనక్కి రాకుండా కొంత పీల్చుకుంటుంది, అంతే. బయటి చప్పుడు ఆగాలంటే బరువు ఉండాలి, సందులు ఉండకూడదు. థియరీ ప్రకారం గోడ బరువు రెట్టింపైతే దాటివచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, మరి ఫోమ్‌కి బరువెక్కడిది? కోడిగుడ్ల అట్టల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక బారాత్ డీజే బేస్ అంటారా, 50 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవే దాదాపు 7 మీటర్లు, రెండంగుళాల ఫోమ్ దాన్నేం చేయలేదు. డబ్బు పెట్టేముందు తలుపు చుట్టూ రబ్బర్ బీడింగ్ వేయించండి.

అపోహ: మోటార్ కింద రబ్బర్ ప్యాడ్ వేస్తే వైబ్రేషన్ పోతుంది.

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ప్యాడ్ వేశాక చప్పుడు పెరిగిన ఇళ్లు నిజంగానే ఉన్నాయి. మోటార్ 1440 ఆర్‌పీఎం అయితే సెకనుకి 24 సార్లు, అంటే 24 హెర్ట్జ్ దగ్గర ఊపుతుంది. దాని బరువుకి ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూడండి, 15.8ని ఆ అంకె వర్గమూలంతో భాగిస్తే సహజ ఫ్రీక్వెన్సీ, అంటే ప్యాడ్ మీద మోటార్‌ని ఒకసారి తట్టి వదిలితే అది తనంతట తాను ఊగే వేగం, హెర్ట్జ్‌లో సుమారుగా వస్తుంది. గట్టి రబ్బర్ 0.3 మిల్లీమీటర్లే దిగితే అది 29 హెర్ట్జ్, పక్కనే 24, ఇంకేముంది, రెజొనెన్స్‌కి (రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి ఊపు పెరిగిపోయే స్థితికి) దగ్గరపడి స్లాబ్‌కి ఇంకా ఎక్కువ ఊపు పంపిస్తుంది. మోటార్ ఫ్రీక్వెన్సీ ఆ సహజ ఫ్రీక్వెన్సీకి 1.41 రెట్లు దాటితేనే ప్యాడ్ మేలు చేయడం మొదలవుతుంది. అదే 4 మిల్లీమీటర్లు దిగే స్ప్రింగ్ పెడితే 8 హెర్ట్జ్, అప్పుడు ఊపులో దాదాపు ఎనిమిదో వంతే కిందికి వెళ్తుంది. ఇంత చేసి పైపుని మాత్రం గోడకు గట్టిగా క్లాంప్ చేస్తే చప్పుడు పైపు మీదుగా బెడ్‌రూమ్‌కి చేరుతుంది, అక్కడ ఫ్లెక్సిబుల్ జాయింట్ పెట్టించాలి.

ల్యాబ్‌లో పిల్లలకి ఇదే చూపిస్తాం. స్ప్రింగుల మీద చిన్న మోటార్, దాని డిస్క్‌కి ఒక పక్కన బోల్టు బరువు, ప్లేటు మీద తేనెమైనంతో అంటించిన గోరంత యాక్సెలరోమీటర్ (ఊపుని కొలిచే సెన్సర్). స్పీడ్ పెంచుతూ పోతే ఒకచోట బల్ల గడగడలాడుతుంది, భయపడి ఆపేయబోతారు. ఇంకా పెంచమంటాను. పెంచితే నెమ్మదిస్తుంది, అది చూశాక ఆ 1.41 వాళ్లకి గుర్తుండిపోతుంది.

అపోహ: రెండు స్పీకర్లు పెడితే సౌండ్ డబుల్.

90కి 90 కలిస్తే 93 డెసిబెల్స్, 180 కాదు. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్. ఇది వెనక్కీ పనిచేస్తుంది, సగం స్పీకర్లు ఆపినా తగ్గేది 3 మాత్రమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ అని ఉంది, ఒక స్పీకర్ తీసేశాం కదా అంటే సరిపోదు.

అపోహ: హాల్లో మాట వినబడకపోతే వాల్యూమ్ పెంచాలి.

పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది, తేడా అలాగే ఉంటుంది. గ్రానైట్ ఫ్లోర్, అద్దాలు, ఎత్తు సీలింగ్ ఉన్న 6000 ఘనపు మీటర్ల హాలు ఖాళీగా ఉంటే, గది సైజు, అది పీల్చుకునే శబ్దాన్ని బట్టి ప్రతిధ్వని సమయం చెప్పే సాబిన్ సూత్రంతో లెక్కేస్తే, శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి 4 సెకన్లు పట్టొచ్చు. పంతులుగారి మంత్రం ఒకదాని మీద ఒకటి పడిపోతుంది. జనం నిండితే మనుషులూ బట్టలే పీల్చుకుని అది సగమవుతుంది. ఓనర్లకి నేను చెప్పేది, స్పీకర్లు తర్వాత, ముందు సీలింగ్ సంగతి చూడండని. ఈ సమయం కొలవడానికి హాల్లో బెలూన్ పగలగొడతాం, గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టేది కూడా అందుకే, క్షణంలో అయిపోయే పదునైన శబ్దం కావాలి కాబట్టి.

అపోహ: ఈ సబ్జెక్ట్ అంతా లెక్కలే.

సెకండియర్ పిల్లలు సీనియర్ల మాట విని ఈ టెన్షన్‌తోనే వస్తారు. మామూలు డ్రమ్ము చర్మం స్వరాలు 1, 1.59, 2.14 నిష్పత్తిలో ఉంటాయి, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి ఉండదు. మన మృదంగంలో మధ్యన పెట్టే నల్లటి పూత ఆ స్వరాల్ని పూర్ణాంకాల దగ్గరికి తెస్తుంది, సి.వి. రామన్ 1920లో దీని మీద రాశారు కూడా. మేం మృదంగం తెచ్చి, మైకు పెట్టి, స్క్రీన్ మీద ఆ పీక్స్ చూపిస్తాం. సాగదీసిన చర్మం ఎలా ఊగుతుందో చెప్పే మెంబ్రేన్ సమీకరణం ఆ తర్వాతే బోర్డు మీదికి వస్తుంది.