సుద్ద మీద నీలం గీత

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు మా జీపు వెనక నుంచి ఒక మూలుగు వచ్చేది. యాక్సిలేటర్ తొక్కితే మూలిగేది, కాలు తీస్తే ఊరుకునేది. మాది కోరాపుట్ జిల్లా సిమిలిగూడ. కింద మైదానం నుంచి మా ఊరు చేరాలంటే ఏడొందల మీటర్లకు పైగా ఎత్తెక్కాలి. అంటే ప్రయాణంలో సగం ఆ మూలుగు వింటూనే సాగేది.

విల్లీస్ నమూనా పాత బండి అది. రెండేళ్ళలో రెండు క్రౌన్-పినియన్ సెట్లు మింగింది. వెనక ఇరుసు నడుమ ఉండి ఇంజన్ బలాన్ని చక్రాలకు మళ్ళించే పళ్ళ చక్రాల జత అది; చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. మొదటిసారి సెట్టు నాసిరకం అన్నారు, రెండోసారి ఆయిల్ తక్కువైందన్నారు. మూడోసారి పళ్ళు ఊడినప్పుడు, సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. సాలూరంటే లారీల ఊరు. అక్కడ పని నేర్చుకున్నవాళ్ళు ఇరుసు చప్పుడు విని రోగం చెప్పేస్తారని మావైపు పేరు. ఆయన విరిగిన పళ్ళను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పళ్ళు మార్చీసినారు సరే, హౌసింగు సూసినారేటి బాబూ?"

చూడలేదు. నేనే కాదు, ఎవరూ చూడలేదు. రిపేరు అనగానే మన చూపు తిరిగే వాటి మీదికే పోతుంది. హౌసింగ్ అంటే వాటిని కప్పి ఉంచే ఇనప తొడుగు, నడుమ ఉబ్బుగా, రెండుపక్కలా ఇరుసు గొట్టాలతో ఉంటుంది. అది తిరగదు. దాన్ని ఆయిల్ పోసుకునే పెట్టె అనుకుంటాం. కానీ బండి బరువూ, ఇంజన్ బలమూ, బ్రేకు దెబ్బా మోసేది ఆ పెట్టే.

ఎంత మోస్తుందో లెక్క వేసి చూడొచ్చు. విల్లీస్ సీజే-3బీలో వాడిన హరికేన్ పెట్రోలు ఇంజన్ గరిష్ఠంగా సుమారు 155 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలం (టార్క్) ఇస్తుంది. ఫస్టు గేరులో అది 2.8 రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాత పినియన్‌కు 8 పళ్ళు, క్రౌన్‌కు 43 పళ్ళు కాబట్టి ఇంకో 5.375 రెట్లు. ఘర్షణలో పోయేది పక్కన పెడితే దాదాపు 2,300 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవున్న గడ చివర 235 కిలోల బరువు వేలాడదీసినంత అన్నమాట. పైగా క్రౌన్ పళ్ళు నిటారుగా ఉండవు, వంపు తిరిగి వాలుగా ఉంటాయి. అందుకే పినియన్ క్రౌన్‌ను తిప్పుతూనే పక్కకు కూడా తోస్తుంది, కట్టెలో దిగే మేకు కట్టెను రెండువైపులా నెట్టినట్టు. ఆ తోపుడును ఆపేవి క్రౌన్‌కు రెండు పక్కలా ఉండే బేరింగులు. ఆ బేరింగులు కూర్చునే గూళ్ళు హౌసింగ్‌లోనే ఉంటాయి.

ఇప్పుడు ఆ గూటి మొదట్లో ఒక పగులు ఉందనుకోండి. బండి నిలబడి ఉన్నప్పుడు అది మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో యాక్సిలేటర్ తొక్కగానే వెంట్రుకవాసి తెరుచుకుంటుంది. పళ్ళ మధ్య ఉండాల్సిన సందు 0.2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, ఆ వెంట్రుకవాసే చాలా ఎక్కువ. పన్ను మధ్యలో ఆనాల్సిన బరువు అంచు మీద పడుతుంది. అంచు విరుగుతుంది. మనం వెళ్ళి కొత్త సెట్టు కొంటాం. బల్ల మీద బిగించి, పళ్ళకు రంగు పూసి చూసినప్పుడు, పన్నుకు పన్ను ఆనిన అచ్చు చక్కగా మధ్యలోనే పడుతుంది, ఎందుకంటే అప్పుడు బరువు లేదు. నా రెండు సెట్ల డబ్బులూ అలాగే పోయాయి.

పగులు ఎందుకు పుడుతుందంటే, ఒక్క పెద్ద దెబ్బ వల్ల చాలా అరుదు. లక్షల చిన్న దెబ్బల వల్ల ఎక్కువ. ఇనప తీగను ఒక్కసారి వంచితే తెగదు, అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది కదా. లోహం అలసిపోతుందన్న సంగతి రైళ్ళు నేర్పాయి. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి వస్తున్న రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగాక దీని మీద గట్టిగా ఆలోచన మొదలైంది. తర్వాత జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసులను ఏళ్ళ తరబడి వంచి చూసి, ఎంత బరువుకు ఎన్నిసార్లు ఓర్చుకుంటాయో లెక్క తేల్చాడు.

పగులు ఎక్కడ పడితే అక్కడ మొదలవదు. బోల్టు బెజ్జం, వెల్డింగ్ అంచు, మందం ఉన్నట్టుండి మారే మూల, ఇవీ దాని పుట్టిళ్ళు. లాగుతున్న రేకుకు గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుంది, మూల పదునుగా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఇంకో సంగతి: కమాను కట్టలు ఇరుసును కిందికి నొక్కుతాయి, రెండు చివర్లా చక్రాలు పైకి ఎత్తుతాయి. దాంతో ఇరుసు గొట్టం అడుగు భాగం సాగుతుంది, పైభాగం నలుగుతుంది. లోహం పగిలేది సాగేచోట. అందుకే గొట్టాలను చూడాలంటే బండి కింద పడుకోవాలి. మనవాళ్ళు నిలబడి పైనుంచి చూసి బాగుంది అంటారు.

మేస్త్రి హౌసింగ్ మొత్తం విప్పి బల్ల మీద పెట్టాడు. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు ముందు చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టాడు. మోగింది. "దీన్ని నమ్మకూడదు" అన్నాడు. నిజమే. ఇంత దళసరి పోత ఇనుములో చిన్న పగులు స్వరాన్ని పెద్దగా మార్చదు. తర్వాత డీజిల్‌తో కడిగి, పాత ఆయిల్ మడ్డి అంతా తీసేశాడు. నేను గ్రైండరుకు వైర్ బ్రష్షు పెట్టి తళతళలాడించబోతే ఆపాడు. గట్టిగా రాస్తే పైపొర లోహం పాకి పగులు నోరు మూసేస్తుంది. మెరిసే ఇనుము కన్నా శుభ్రమైన ఇనుము కావాలి.

రాత్రంతా కిరోసిన్ పూసి ఉంచాడు. ఒకప్పటి రేషన్ కిరోసిన్ సీసా దాచుకున్నాడు, నల్లబజారుకు పోకుండా ప్రభుత్వం నీలం రంగు కలిపేదే అది. ఇళ్ళలో కిరోసిన్ దీపం ఉన్నవాళ్ళకు తెలుసు, బుడ్డి బయట ఎంత తుడిచినా జిడ్డే. నీళ్ళతో పోలిస్తే కిరోసిన్‌కు తలతన్యత సగం కన్నా తక్కువ. చుక్కలా ముడుచుకోకుండా పరుచుకుంటుంది, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని సందులోకి కూడా తనంతట తానే పాకుతుంది. దీపం వత్తి పైకి పీల్చుకునేది ఈ గుణం వల్లే.

పొద్దున్నే పొడిగుడ్డతో పైకిరోసిన్ తుడిచేసి, నూరిన సుద్దను స్పిరిట్‌లో కలిపి పల్చగా పూశాడు. స్పిరిట్ ఆరిపోయింది. హౌసింగ్ తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉంది. టీ తాగుతూ కూర్చున్నాం. ఏమీ లేదు. సుత్తితో రెండుమూడుసార్లు తట్టాడు. అప్పుడు ఎడమవైపు బేరింగ్ గూటి దగ్గర, బోల్టు బెజ్జం పక్కన ఒక చుక్క తడి. చూస్తుండగానే అది గీతయింది. మురికి నీలం, తిన్నగా కాకుండా మెలికలు తిరుగుతూ నాలుగు సెంటీమీటర్లు. గోటితో రాస్తే ఏమీ తగల్లేదు. అక్కడ పగులుందని సుద్ద లేకపోతే ఒట్టేసి చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

ఇది ఆయన కనిపెట్టింది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రైల్వే కార్ఖానాల్లో నూనె, సుద్దతో ఇలాగే చూసేవారు. 1940ల మొదట్లో అమెరికాలో స్విట్జర్ సోదరులు నూనెలో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత కాంతిలో పగులు వెలిగేలా చేశారు. ఇవాళ విమాన ఇంజన్ల బ్లేడ్లను పరీక్షించే పద్ధతుల్లో అదొకటి. మాకు కూతవేటు దూరంలో సునాబెడలో మిగ్ ఇంజన్ల కార్ఖానా ఉంది. విమానం ఇంజన్‌కు ఎంచే సూత్రమూ, ఈ రేకుల షెడ్డులో సుద్దముక్క సూత్రమూ ఒకటేనని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

వెల్డింగ్ చేయిద్దామా అన్నాను. గొట్టం మీద పగులైతే చేయొచ్చు, అది ఉక్కు. చివర్లో చిన్న బెజ్జం వేస్తే పగులు ముందుకు పాకడం కాసేపు ఆగుతుంది కూడా. కానీ నడుమ ఉబ్బు భాగం పోత ఇనుము, కార్బన్ ఎక్కువ. మామూలు రాడ్‌తో అతికితే అతుకు పక్కనే గాజులా పెళుసు పొర ఏర్పడుతుంది. ముందు బాగా కాచి, నికెల్ రాడ్ వాడి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లార్చాలి. అంత చేసినా వేడికి బేరింగ్ గూడు మిల్లీమీటరులో పదోవంతు వంకరపోతే మళ్ళీ మూలుగే. "ఇది తుక్కుకే బాబూ" అన్నాడు.

సాలూరులో పాత సామాన్ల కొట్టుకు సుద్ద, కిరోసిన్ పట్టుకుని వెళ్ళాం. కొట్టువాడు నవ్వాడు. మొదటి హౌసింగ్‌కు డ్రెయిన్ ప్లగ్గు దగ్గర గీత వచ్చింది. రెండోదానికి ఏమీ రాలేదు, అదే తెచ్చుకున్నాం.

నెల తిరక్కుండా ఇరుసు కింద మళ్ళీ ఆయిల్ చెమ్మ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మళ్ళీ కడిగి సుద్ద పూశాం, గీత లేదు. మేస్త్రి ఈసారి ఇరుసు పైనున్న గాలిగొట్టం చూశాడు. హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలి బయటికి పోయే దారి అది. ముప్పై డిగ్రీల గాలి తొంభైకి చేరితే, దారి మూసుకుపోయినప్పుడు ఒత్తిడి ఐదోవంతు పెరిగి ఆయిల్‌ను సీళ్ళలోంచి తోసేస్తుంది. గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. సైకిలు పుల్లతో పొడిస్తే బుస్సుమంది.