చెక్కలో అలలు, కళ్లు, మెరుపులు: అపోహలు – వాస్తవాలు

చిత్రిక పడుతుండగా మామూలు పలక మీద ఉన్నట్టుండి అలలు తేలితే చెక్కపనివాడి చెయ్యి ఆగిపోతుంది. ఆ అలలు ఎందుకు వచ్చాయని అడిగితే మాత్రం గాలి, పిడుగు, పిట్టలు అంటూ తలో మాట చెబుతారు. ఇది ఊసుపోని చర్చ కాదు. దుంగను ఎటు కోయాలో ఆ కారణాన్ని బట్టే తేలుతుంది.

అపోహ: చెక్క మీది గీతలన్నీ వార్షిక వలయాలే.

వాస్తవం: పలక మీద గోపురాల్లా లేచే గీతలు వలయాలవే. వాటికి అడ్డంగా మెరిసే పట్టీలు మాత్రం నార నడకను బట్టి వస్తాయి. మేపుల్ వంటి చెట్లలో కొన్నిటికి నార నిటారుగా పెరగదు, పైకీ కిందికీ అలలా వంగుతూ పోతుంది. ఆ పలకను కోసినప్పుడు ఒకచోట నార పక్కవాటుగా పడుకుని వెలుతురును తిప్పికొడుతుంది. ఆ పక్కనే నార కొనలు పైకి తేలి వెలుతురును మింగేస్తాయి, అక్కడ నల్లగా కనిపిస్తుంది.

పరీక్ష తేలిక. ఒకే దీపం కింద పలకను పెట్టి చూసి, తర్వాత అదే ముఖం పైకి ఉంచి ఈ కొస ఆ కొస వైపు వచ్చేలా తిప్పండి. నార వల్ల వచ్చిన పట్టీ అయితే వెలిగినది నల్లబడుతుంది, నల్లగా ఉన్నది వెలుగుతుంది. రంగు చార అయితే ఎటు తిప్పినా మారదు. నేనైతే ఈ పరీక్ష చేయనిదే రంపం పట్టను. ఒకే దిమ్మ నుంచి తీసిన రెండు పలకలను పుస్తకం విప్పినట్టు పక్కపక్కన అతికించినప్పుడు ఒకటి వెలుగుగా, మరొకటి ముదురుగా కనిపించేది కూడా ఇందుకే. దాన్ని పాలిష్ లోపం అనుకుని మళ్లీ మళ్లీ రుద్దేవారిని చూస్తే బాధ వేస్తుంది.

అపోహ: గాలికి ఊగి ఊగి చెట్టులో అలలు పుడతాయి.

వాస్తవం: కొమ్మ మొదట్లో, వేళ్లు చీలే చోట బరువుకు నార కొంత ముడతలు పడుతుంది, నిజమే. కానీ మాను పొడవునా అలలున్న చెట్టు పక్కనే, అదే గాలికి ఊగిన చెట్టు నిటారు నారతో ఉంటుంది. ఉత్తర ఐరోపాలో పెరిగే కరేలియా బర్చ్ చెట్టులోని చిత్రమైన నార వంశపారంపర్యంగా వస్తుంది. అయితే దాని విత్తనాల నుంచి మొలిచిన మొక్కలన్నిటికీ రాదు, కొన్నిటికే వస్తుంది. ఎర్రచందనంలోనూ నిటారు నార, అలల నార రెండూ ఉన్నాయి. సపేలీ అనే ఆఫ్రికా చెట్టు చెక్కలో రిబ్బన్లలా కనిపించే నిలువు చారల సంగతి వేరు: నార కొన్నేళ్లు ఒకవైపు, మరికొన్నేళ్లు ఎదురువైపు మెలి తిరుగుతూ పెరుగుతుంది.

అపోహ: మేపుల్‌లోని ‘పిట్ట కళ్లు’ (పలక మీద కనిపించే చిన్న గుండ్రని మచ్చలు) పక్షులు పొడిచిన గుర్తులు.

వాస్తవం: కాదు. బెరడుకూ చెక్కకూ మధ్య పెరిగే పలుచని పొరలో చిన్న చిన్న గుంటలు పడతాయి. ఏటా కొత్త చెక్క వాటి మీదే పేరుకుంటుంది. అవి మొదట ఎందుకు పడతాయో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు.

అపోహ: బుడిపె అంటే చెట్టుకు పట్టిన జబ్బు.

వాస్తవం: అన్నివేళలా కాదు. చాలా బుడిపెల్లో ఉండేవి నిద్రాణమైన మొగ్గల గుంపులు. గాయమో, సూక్ష్మజీవులో కారణం కావచ్చు. అమెరికా పశ్చిమ తీరపు రెడ్‌వుడ్ చెట్టుకు మాత్రం మాను మొదట్లో ఉండే బుడిపె సహజమైన అవయవం. మాను పడిపోతే అక్కడి నుంచే కొత్త చిగుళ్లు లేస్తాయి.

అపోహ: మంచి దుంగ అయితే ఎలా కోసినా అందం బయటపడుతుంది.

వాస్తవం: ఈ నమ్మకం వల్లే ఎంతో మంచి చెక్క వృథా అవుతోంది. ఓక్, సిల్వర్ ఓక్ చెక్కల్లో దవ్వ (మాను నడిమి మెత్తని భాగం) నుంచి బెరడు వైపు సాగే దవ్వ రేఖలు వెడల్పుగా ఉంటాయి. వలయాలకు నిట్టనిలువుగా కోస్తేనే అవి వెండి రేకుల్లా మెరుస్తాయి. మేపుల్ అలలకూ ఆ కోతే మేలు. పిట్ట కళ్లకు దానికి పూర్తిగా వ్యతిరేకం: వలయాలను ఒరుసుకుంటూ కోయాలి, లేకపోతే కళ్లు కాస్తా సన్నని గీతలైపోతాయి.

అపోహ: చారలున్న చెక్క గట్టిది.

వాస్తవం: ఏటవాలు నార నిటారు నార అంత బరువు మోయదు. కుర్చీ కాళ్లకు, దూలాలకు నిటారు నార చెక్కే వాడండి. అలల చెక్కను చిత్రిక పట్టేటప్పుడు ప్రతి అలకూ ఒక పక్క నార ఎదురు తిరిగి పెచ్చులు లేస్తుంది. బాగా సానబెట్టిన బ్లేడుతో, వీలైనంత పలుచని పొట్టు తీస్తూ పోవాలి. చివర్లో స్క్రేపర్ (చెక్కను గీకే పలుచని ఉక్కు రేకు) వాడాలి.

అపోహ: చెక్కలో సన్నని నల్ల గీతలు కూడా చెట్టు గీసినవే.

వాస్తవం: సిరాతో గీసినట్టు వంకర్లు పోయే గీతలైతే అవి శిలీంధ్రాల పని. మోడులోనో పడిన దుంగలోనో రెండు శిలీంధ్రాలు ఎదురుపడినప్పుడు వాటి మధ్య కట్టుకునే సరిహద్దులే అవి చాలావరకు. చెక్కను బాగా ఆరబెడితే వాటి పెరుగుదల ఆగుతుంది, కానీ అప్పటికే మెత్తబడిన భాగం మళ్లీ గట్టిపడదు. గోరుతో నొక్కి చూడండి. గోరు సులువుగా దిగితే ఆ ముక్కను లేతు యంత్రం (చెక్కను గిరగిరా తిప్పుతూ చెక్కేది) మీద ఎక్కించవద్దు. గట్టిగా ఉన్నా సరే, దాన్ని రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.